పెరటి బట్టీకీ గని సూత్రాలే!
గాలి, కప్పు, నీరు – ఈ మూడూ చూసుకుంటే పొగ లేని రొట్టె

గోదావరిఖని: నేల కింద బొగ్గు పొరలు, నేల మీద విద్యుత్ కేంద్రాలు. నిప్పుతోనే బతుకు పెనవేసుకున్న రామగుండం ప్రాంతంలో, ఇంటి బయట పొయ్యి లేని కార్మిక కుటుంబం ఒకప్పుడు అరుదు. ఆ పొయ్యికి ఇప్పుడు వంటింట్లో పని లేకపోయినా పెరట్లో పని పూర్తిగా పోలేదు. సంక్రాంతికి సకినాలు కాల్చాలన్నా, ఇంట్లో శుభకార్యానికి పెద్ద గంజు ఎక్కించాలన్నా కట్టెల మంటే కావాలి. ఆ పొయ్యి పక్కనే రొట్టెలు కాల్చే మట్టి బట్టీ ఒకటి, దానిపై రేకుల పాక, ముందు తీగల పందిరి ఉంటే బాగుంటుందని ముచ్చటపడే వారికి మేస్త్రీ కోసం దూరం పోవలసిన పని లేదు. గనిలో ఏళ్ళ తరబడి పని చేసిన మనిషికి ఇందులో సగం విద్య ముందే తెలుసు. గాలి ఎటు వస్తుంది, ఎటు పోతుంది, కప్పు నిలుస్తుందా, నీరు దిగుతుందా అని రోజూ చూసుకున్నవాడే బట్టీని సరిగా కట్టగలడు.

ఆ జాగ్రత్తలు మరచి కట్టినది మాత్రం వంటకు కాక పొగకే పనికి వస్తుంది. గనిలో దుమ్ము పీల్చి వచ్చిన ఊపిరితిత్తులకు ఇంటి దగ్గర మళ్ళీ పొగ పట్టించడం కన్న అన్యాయం లేదు.

బకెట్టు పొయ్యి నుంచి గ్యాసు దాకా

1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ బొగ్గును గుర్తించిన నాటి నుంచి ఈ నేల కథ మొదలయింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. గోదావరి ఒడ్డున ఈ ప్రాంతంలో గనులు 1960ల ఆరంభంలో తెరుచుకోగా, వాటి చుట్టూ వెలసిన ఊరికి గోదావరిఖని అన్న పేరు స్థిరపడింది.

కార్మిక వాడల్లో ఆనాటి వంట చాలావరకు బొగ్గు మీదనే. పాత బకెట్టుకు లోపల మట్టి మెత్తి, మధ్యలో ఇనుప చువ్వలు పేర్చి, కింద గాలికి రంధ్రం చేస్తే పొయ్యి సిద్ధం. ముందు దాన్ని వాకిట్లో రాజేసి, పొగ తగ్గాక లోపలికి తెచ్చేవారు. సాయంత్రం వేళ వరుస ఇళ్ళ ముందు ఒకేసారి రాజుకున్న పొయ్యిల పొగ వాడంతా కమ్ముకునేది. షిఫ్టు దిగి వచ్చే మగవారికి అది ఇల్లు దగ్గరపడిన గుర్తు. పొయ్యి ముందు కూర్చున్న ఆడవారికి అదే దగ్గు, కళ్ళ మంట.

1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం ప్రవేశపెట్టింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. కార్మిక కుటుంబాల వంట కూడా క్రమంగా గ్యాసు మీదకు మారింది. అయినా ఇంటి పొగ ముప్పు ప్రపంచంలో తీరిపోలేదు. 2020లో ఇళ్ళలోని పొగ వల్ల సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కనుక పెరట్లో మళ్ళీ నిప్పు రాజేయదలచిన వారు ఆ పాత పొగను మాత్రం వెంట తెచ్చుకోకూడదు.

ఇతర దేశాల బొగ్గు ఊళ్ళలోనూ

బొగ్గు ఊరికీ రొట్టె బట్టీకీ సంబంధం కొత్తది కాదు. ఇంగ్లండు ఈశాన్యాన గని కార్మికుల వరుస ఇళ్ళ దగ్గర కొన్ని కుటుంబాలు కలిసి వాడుకునే ఇటుక బట్టీలు ఉండేవి. అమెరికాలోని పెన్సిల్వేనియా బొగ్గు గ్రామాలకు ఇటలీ నుంచి, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన కార్మికుల ఇళ్ళ ఆడవారు పెరటి బట్టీల్లో వారానికి సరిపడా రొట్టెలు ఒకేసారి కాల్చుకునేవారు. ఆ ప్రాంతంలోనే బొగ్గును కోక్‌గా మార్చే బట్టీలు కూడా గోపురం ఆకారంలోనే ఉండేవి. పగలు కంపెనీ గోపురాల దగ్గర పని చేసినవారు ఇంటి వెనుక చిన్న గోపురం కట్టుకున్నారన్న మాట.

రొట్టె బట్టీకి గోపురం ఆకారం రెండు వేల ఏళ్ళ నాటిది. క్రీస్తు శకం 79లో అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయిన ఇటలీ నగరం పాంపేయి తవ్వకాల్లో ఇలాంటి బట్టీలు, మాడి బొగ్గయిన రొట్టెలు బయటపడ్డాయి. మంట గోపురం లోపలి గోడను తాకుతూ చుట్టి రావడం, గోడ పీల్చుకున్న వేడిని మంట తీసేశాక గంటల తరబడి తిరిగి ఇవ్వడం ఈ ఆకారంలోని గుణం.

మొదట స్థలం, పునాది

కట్టే ముందు నేల ఎవరిదో చూసుకోవాలి. క్వార్టరు పెరడు కంపెనీది. అనుమతి లేకుండా పక్కా కట్టడం లేపితే ఖాళీ చేసే రోజున పేచీ తప్పదు. సొంత స్థలమే అయినా కింద పాత తవ్వకాలు ఉన్నాయేమో పెద్దలను అడగాలి. బొగ్గు తీసిన చోట నేల కుంగడం ఈ ప్రాంతం వారికి చెప్పవలసిన విషయం కాదు.

నల్లరేగడి అయితే మరింత జాగ్రత్త అవసరం. వానకు ఉబ్బి, ఎండకు పగుళ్ళు పట్టే ఆ నేల మీద నేరుగా ఇటుక పెడితే మొదటి ఏడాదే గోపురం చీలుతుంది. రెండు, రెండున్నర అడుగుల లోతు మట్టి తీసి, మొరం పోసి, పొరపొరకూ నీళ్ళు చల్లి దిమ్మిస చేయాలి. దానిపై ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పుతో మూడడుగుల ఎత్తు దిమ్మె కడితే నిలబడి పని చేసుకోవడానికి వీలు. నడుం వంచవలసిన పని ఉండదు.

ఇటుకల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. విద్యుత్ కేంద్రం బూడిదతో చేసిన సిమెంటు ఇటుకలు దిమ్మెకు భేషుగ్గా పనికొస్తాయి. మంట తగిలే చోట మాత్రం అవి పనికిరావు. ఎక్కువ వేడికి సిమెంటు పట్టు వదిలి ఇటుక పొడిరాలుతుంది. నిప్పు నానే చోట బాగా కాలిన మట్టి ఇటుకే వాడాలి. పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు కొదవ లేదు. అక్కడి ఇటుక కాల్చే చేతులు చాలావరకు ఒడిశా నుంచి వలస వచ్చిన కూలీలవి. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి తట్టితే కంచు మోగినట్టు ఖంగున మోగినదాన్ని ఏరుకోవాలి.

ఇసుక పోసి కప్పు, ఇసుక తీసి కడుపు

దిమ్మెపై ముందు నాలుగు అంగుళాల మందాన ఊక కలిపిన మట్టి పరచాలి. వేడి కిందికి దిగకుండా ఆపేది ఇదే. దానిపై అంగుళం మేర సన్న ఇసుక పోసి రసమట్టంతో చదును చేసి, ఇటుకలను సున్నం గానీ సిమెంటు గానీ పెట్టకుండా బిగువుగా పరచాలి. రేపు ఒక ఇటుక పగిలినా దాన్నొక్కటే తీసి మార్చుకోవచ్చు.

ఇంటి అవసరానికి లోపల మూడడుగుల వ్యాసం చాలు. ఇటుకల నేల మీద తడి ఇసుకను ఒకటిన్నర అడుగు ఎత్తున అర్ధగోళంగా కుప్ప పోసి, అరచేత్తో నున్నగా మెత్తాలి. తడిపిన పాత వార్తాపత్రికలు దానిపై ఒక పొరగా కప్పితే తరువాత మట్టికీ ఇసుకకూ అంటు ఉండదు.

గోపురానికి మట్టిగా పుట్టమన్నును మించినది లేదు. పల్లెల్లో పొయ్యిలకు తరతరాలుగా వాడుతున్నది అదే. దొరకని చోట బంక ఉన్న ఎర్రమట్టి వాడవచ్చు. మట్టి ఒక పాలు, ఇసుక రెండు పాళ్ళు కలిపి, కొద్దిగా నీళ్ళు చల్లి కాళ్ళతో తొక్కాలి. పిడికెడు ముద్ద చేసి నడుం ఎత్తు నుంచి జారవిడిస్తే అది చితికి పిండి కాకుండా, పచ్చిగా పరుచుకోకుండా ముద్దగా నిలవాలి. చితికితే మట్టి చాలలేదు, పరుచుకుంటే నీరు ఎక్కువైంది. ఈ మిశ్రమాన్ని ఇసుక కుప్ప చుట్టూ కింది నుంచి పైకి నాలుగు అంగుళాల మందాన చేత్తో నొక్కుతూ పేర్చాలి.

రెండు మూడు రోజులకు మట్టి గట్టిపడిన తరువాత ద్వారం కోసి, లోపలి ఇసుకను మెల్లగా తోడేస్తారు. గోదావరి ఇసుకతో గని ఖాళీలను పూడ్చిన కార్మికులకు ఇది తలకిందుల పనిగా తోచవచ్చు. అక్కడ బొగ్గు తీసి, కప్పు కూలకుండా ఇసుక నింపుతారు. ఇక్కడ ఇసుక నింపి కప్పు కట్టి, అది తనంత తాను నిలిచే సమయానికి ఇసుక తీసేస్తారు.

గనిలో కప్పును కర్రతో తట్టి మోత వినడం కార్మికులకు అలవాటు. డొల్ల మోత వస్తే కింద నిలబడరాదు. బట్టీ గోపురానికీ అదే పరీక్ష. ఆరిన తరువాత వేలి కణుపుతో తట్టితే మోత అంతటా ఒకేలా ఉండాలి. డొల్లగా మోగిన చోట పొర విడిందని అర్థం. అక్కడ గీరి, తడిపి, కొత్త మట్టి పట్టించాలి. ఓపెన్‌కాస్టు పేలుళ్ళ అదురు తగిలే వాడల్లో మట్టి గోపురానికి ఉన్న సౌకర్యం ఇదే. పగులు వస్తే గుప్పెడు మట్టితో పూడిపోతుంది.

ఒకే ద్వారం, రెండు గాలులు

కొత్తగా కట్టేవారు తరచు పొరబడేది ద్వారం ఎత్తు దగ్గరే. గనిలో మంచి గాలి వచ్చే దారి వేరు, చెడు గాలి పోయే దారి వేరు. ఈ బట్టీలో రెండు గాలులకూ ఒకటే ద్వారం. చల్లని గాలి ద్వారం అడుగు భాగాన లోపలికి పోతుంది, వేడి పొగ పై భాగాన బయటికి వస్తుంది. ద్వారం మరీ ఎత్తయితే వేడి నిలవదు. మరీ పొట్టిదయితే మంటకు ఊపిరాడక పొగ చిమ్ముతుంది. లోపలి గోపురం ఎత్తులో నూటికి 63 వంతులు ద్వారం ఎత్తు ఉండాలన్నది అనుభవజ్ఞుల లెక్క. పద్ధెనిమిది అంగుళాల గోపురానికి పదకొండు అంగుళాల పైచిలుకు అన్న మాట. వెడల్పు పదిహేను, పదహారు అంగుళాలు ఉంటే పళ్ళెం సులువుగా పడుతుంది.

పొగగొట్టాన్ని గోపురం నడినెత్తిన పెట్టరాదు. అలా చేస్తే వేడి అంతా దాని గుండానే పోతుంది. ద్వారానికి ముందు చిన్న కమాను కట్టి, ఆ కమాను మీద ఆరు అంగుళాల గొట్టం నిలపాలి. లోపలంతా తిరిగి వచ్చిన పొగ ద్వారం దాటగానే గొట్టంలోకి ఎక్కిపోతుంది. ముందు నిలబడిన మనిషి ముఖానికి కొట్టదు.

రేకుల పాక, తీగల పందిరి

మట్టి బట్టీకి వానే ప్రథమ శత్రువు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానల్లో కప్పు లేని గోపురం మళ్ళీ మట్టికుప్పే అవుతుంది. ఎనిమిదడుగుల చదరంలో నాలుగు రాతి కడీలు గానీ, ఇనుప పైపులు గానీ నాటి, పైన వాలుగా ఇనుప రేకులు పరచాలి. కింది అంచు కూడా ఏడున్నర అడుగులకు తగ్గరాదు. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు చౌకగా వచ్చినా వద్దు. ఎక్కువ వేడికి అవి టపాకాయల్లా పేలి చిట్లుతాయి. ఆ పీచు ఊపిరితిత్తులకు హాని. పొగగొట్టం రేకును చీల్చుకుపోయే చోట చుట్టూ ఖాళీ వదిలి, పైన రేకు టోపీ తొడగాలి. గొట్టం పాక కన్న రెండు మూడు అడుగులు ఎత్తు పోవాలి.

పాకకు గోడలు కట్టరాదు. వాన జల్లు కొడుతోందని నాలుగు వైపులా తడకలు బిగించిన పాక గాలి ఆడని గని వంటిదే.

ఇక పందిరి. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండకు నీడ లేకుండా బట్టీ ముందు ఎవరూ కూర్చోలేరు. ద్వారానికి కనీసం ఆరడుగుల ఎడంగా, గాలి మంటను మోసుకురాని దిక్కున పది అడుగుల పందిరి వేసుకోవచ్చు. కడీల మీద జీఐ తీగ అల్లితే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. వానాకాలంలో చిక్కుడు గింజ పెడితే సంక్రాంతి నాటికి పందిరి నిండా పూత, కాయ. వేసవికి ఆ తీగ ఎండిపోతుంది. నీడ ఎక్కువ కావలసిన రోజుల్లోనే పందిరి ఎండుటాకుల మోపు అవుతుందన్నది మరువరాదు. ఎండిన తీగను మార్చిలోపు దులిపేయాలి. తాటాకు చలువ పందిరి వేసుకున్న ఇంట్లో అది ఉన్నన్నాళ్ళు బట్టీ రాజేయకపోవడమే మేలు. ఏడాదంతా పచ్చగా ఉండాలనుకునే వారికి రాధామనోహరం తీగ అనువైనది.

నిప్పు పెట్టే రోజు

కట్టిన మరునాడే రొట్టె తినాలన్న తొందర బట్టీని పాడు చేస్తుంది. తడి గోడకు పెద్ద మంట పెడితే లోపలి నీరు ఆవిరై పొర పెచ్చులూడుతుంది. రెండు వారాలు నీడన ఆరనిచ్చి, ఆ తరువాత వారం పది రోజులు రోజూ పుల్లల మంట పెట్టి, దినదినానికీ కొంచెం పెంచాలి. గోడ పై నుంచి ఆవిరి రావడం ఆగిన రోజున దానిపై ఊక కలిపిన మట్టి మరో నాలుగు అంగుళాలు మెత్తి, అదీ ఆరాక సున్నం వేయాలి.

వంట నాడు దాదాపు రెండు గంటలు మంట మండాలి. మొదట గోపురం లోపల మసితో నల్లబడుతుంది. వేడి చాలినంత ఎక్కిన తరువాత ఆ మసి కాలిపోయి గోడ తెల్లబడుతుంది. అప్పుడు నిప్పులు పక్కకు నెట్టి నాన్ వంటి పలుచని రొట్టెలు వేస్తే రెండు మూడు నిమిషాల్లో పొంగుతాయి. పావు రొట్టెకు నిప్పులన్నీ తీసి, తడి గుడ్డతో నేల తుడిచి, వేడి కొంత తగ్గనివ్వాలి. చిటికెడు పిండి నేల మీద చల్లితే వెంటనే నల్లబడరాదు, మెల్లగా గోధుమ రంగుకు తిరగాలి. రొట్టెలు తీశాక మిగిలిన వేడిలో చిలగడదుంపలు, ఇక్కడి వారి మాటలో కందగడ్డలు, పచ్చడికి వంకాయలు, మక్క కంకులు, పల్లీలు వరుసగా వేసుకోవచ్చు. సకినాల మూకుడుకు, సర్వపిండికి మాత్రం పక్కనున్న పాత పొయ్యే సరి.

కట్టెలే, బొగ్గు వద్దు

బొగ్గు గడ్డ మీద కట్టెలు కొనడమేమిటని ఎవరైనా నవ్వవచ్చు. సింగరేణి బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. బొగ్గు మండేటప్పుడు గంధకపు ఆవిర్లు వెలువడతాయి. బాయిలర్ల కోసమైన ఆ బొగ్గు రొట్టెను నేరుగా తాకే బట్టీకి పనికిరాదు. బాగా ఎండిన తుమ్మ, చింత, మామిడి కట్టెలు మంచివి. పచ్చి కట్టె పొగ తప్ప వేడి ఇవ్వదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు వద్దు. చాలా పెరళ్ళలో కనిపించే గన్నేరును పుల్ల కూడా వేయరాదు, అది విషం.

చివరి హెచ్చరిక నిప్పుల గురించి. కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. గని గాలిలో అది పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళు దాటరాదని నిబంధన. బొగ్గు తనంత తాను వేడెక్కుతున్నదని పసిగట్టడానికి అధికారులు కొలిచేది ఈ వాయువునే. చలికాలం రాత్రి బట్టీలోంచి తీసిన నిప్పులను కుంపట్లో పోసుకుని, తలుపులు బిగించి పడుకుంటే అదే వాయువు ఇంట్లో నిండుతుంది. తీసిన నిప్పులు మూత ఉన్న ఇనుప బకెట్టులో, ఆరుబయటే ఉండాలి. పక్కనే ఒక బకెట్టు ఇసుక, మరో బకెట్టు నీళ్ళు తప్పనిసరి. పిల్లలు బట్టీ ముందుకు రాకుండా పెద్దలొకరు కనిపెట్టుకుని ఉండాలి.

గనిలో గాలి సరిగా లేని చోటికి ఏ కార్మికుడూ తన తోటివాడిని పోనివ్వడు. పెరట్లో బట్టీ ముందు కూర్చునేది ఇంటి ఆడవారు, పిల్లలు. వారి విషయంలో కూడా ఆ పట్టింపే ఉంటే, పందిరి కింద నలుగురూ కలిసి వేడి రొట్టె తుంచుకునే సాయంత్రం ఎవరికీ దగ్గు మిగల్చదు.